ఈశాన్యం మొద్దు

నేను ఒక గునపాన్ని. ఒక కొసన మొన, ఇంకో కొసన ఉలి మూతి, మధ్యలో నిలువెత్తు ఇనుము. వంగడం నాకు చేతకాదు. నా పేరు మీరు విని ఉంటే, ఎవరో ఎవరినో తిడుతూ "గునపాలతో గుచ్చినట్టు మాట్లాడతాడు" అన్నప్పుడే విని ఉంటారు. నేను పుట్టి ఇన్నాళ్ళయింది, మట్టిని తప్ప ఎవర్నీ గుచ్చలేదు. మీ నాలుకలు చేసే పనికి నా పేరు పెట్టుకోవడం మీకు అలవాటు.

అంతకుముందు నేను ఎడ్లబండికి ఇరుసుని. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక బండి మూలపడింది, చక్రాలు పొయ్యిలోకి పోయాయి, నన్ను వీరాచారి అనే కమ్మరి కొలిమిలో పెట్టాడు. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మొన తీసి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఇరుసుగా ఉన్నప్పుడు నా మీద బరువులు మోయించారు, గునపం చేశాక నా చేత బరువులు ఎత్తించారు. ఎటు తిరిగినా బరువులు మీవి, నడుం నాది. వీరాచారి ఒక కన్ను మూసి నన్ను ఈ కొస నుంచి ఆ కొసకి చూసి "వంకర లేదు" అన్నాడు. మనుషుల నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

నన్ను కొనుక్కున్నవాడు పెంటయ్య. గోతులు తవ్వడం, కంచె గుంజలు పాతడం అతని పని. మంచివాడే కానీ ఒళ్ళు బరువు. ఏటా విజయదశమికి నన్ను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొట్టి దండం పెట్టేవాడు. మర్నాటి నుంచి మళ్ళీ వానలో పడి తుప్పు పట్టినా పలకరించేవాడు కాదు. మీ భక్తి అంతా అంతే కాబట్టి అతన్ని ఒక్కణ్ణీ అనను.

నరసాపురం దాటి సముద్రం వైపు పోతే ఇసకనేలల్లో మా ఊరు. పేరు చెప్పను. చెబితే మా ఊళ్ళో వాస్తు చెప్పే ఏకాంబరం సిద్ధాంతిగారికి గిరాకీ పెరుగుతుంది, అది నాకు సుతరామూ ఇష్టం లేదు. ఆ ఊరి చివర సూరపరాజుగారి ఇల్లు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. ఒకప్పుడు వరి పండిన పొలాలే, గట్లు పోసి, ఉప్పునీళ్ళు తోడి చెరువులు చేశాడు. ఇంటి వెనక పెద్ద పెరడు. పెరటి మూల ఇటుకల ఒర కట్టిన పాత నుయ్యి. నూతి పక్కన ఒక బాదంచెట్టు ఉండేది. తుపానుకి అది విరిగిపడితే మాను కోసి సామిల్లుకి పంపారు. అడుగున మొద్దు మాత్రం మిగిలింది, పీటలాగా చదునుగా.

ఆ పెరట్లో, నూతికి ఇవతల రేకుల పంచలో పల్లాలమ్మ ఉండేది. మొగుడు పోయిన మనిషి. రాజుగారు ఆమెని పెరట్లో కనకాంబరాలు వేసుకోనిచ్చాడు. తెల్లారకముందే కోసి, మాలలు కట్టి, బుట్టలో పెట్టుకుని నరసాపురం బజారుకి తీసుకెళ్ళేది. ఊళ్ళో ఏ బోరు కొట్టినా ఉప్పునీళ్ళే. కనకాంబరానికి ఉప్పు తగిలిందా, ఆకు చివర మాడి, వారం తిరక్కుండా మొక్క పోతుంది. మంచినీళ్ళున్నది ఆ నూతిలోనే. ఆ నుయ్యి ఉంటే పూలుంటాయి. పూలు లేని రోజున పల్లాలమ్మ పొయ్యిలో పిల్లి లేవదు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

పూలమొక్కల్లోకి మేకలు వస్తున్నాయని పెంటయ్యని పిలిచి కంచె వేయించింది పల్లాలమ్మ. ఆ గుంజలకి గోతులు తవ్విందే నేను. పని అయిపోయి పెంటయ్య నన్ను భుజాన వేసుకోబోతుంటే వీధి అరుగు మీద నుంచి రాజుగారు ఆపాడు.

"ఏరా, శనివారం పూట ఇనుము ఇంటికి మోసుకెళ్తావా? శనిని చంకనెత్తుకుపోతున్నట్టురా. అక్కడే ఉంచి రేపు పట్టుకెళ్ళు."

"ఆయ్, నిజమేనండి" అని పెంటయ్య నన్ను బాదం మొద్దు పక్కన, దానికి జానెడు దూరంలో నేలలో గుచ్చి వెళ్ళిపోయాడు. శనివారం నాడు నేను ఒక ఇంట్లో ఉంటే శని పడుతుందట, ఇంకొకరి పెరట్లో ఉంటే పట్టదట. ఏ లెక్కనో నాకు తెలీదు. వాళ్ళకీ తెలీదనుకోండి.

మర్నాడు పొద్దున్నే సిద్ధాంతిగారు వచ్చాడు. ఎందుకొచ్చాడంటే రాజుగారి చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది, చచ్చినవన్నీ గట్టు పక్కకి తేలాయి. రాజుగారు మొదట రొయ్యపిల్లల్ని అమ్మినవాణ్ణి తిట్టాడు. తర్వాత మేత అమ్మినవాణ్ణి తిట్టాడు. తర్వాత పక్క చెరువు ఆసామి కళ్ళు మంచివి కావన్నాడు. చెరువుని ఎండబెట్టి ఆరనివ్వకుండా పంట మీద పంట వేసింది ఎవరో మాత్రం ఆయనకి గుర్తు రాలేదు. తిట్టడానికి మనుషులు అయిపోయాక మనవాళ్ళు ఇంటిని తిడతారు. దానికి సిద్ధాంతి కావాలి.

సిద్ధాంతిగారు పెరడంతా తిరిగాడు, ముక్కు మీద వేలేసుకున్నాడు, సంచిలోంచి ఇత్తడి పెట్టె తీశాడు. లోపల దిక్సూచి. ఆయన దాన్ని యంత్రం అంటాడు. దాన్ని పెట్టడానికి చదునైన చోటు వెతికి, ఆ బాదం మొద్దు మీదే పెట్టాడు. పక్కనే నేను. సూది ఒకసారి వణికి, చరాలున తిరిగి, ముక్కు నావైపు పెట్టి నిలబడిపోయింది. ఎదురుగా ఇంత ఇనుముంటే సూది చేసే పని అదే. నేను పిలవలేదు, అది రాకుండా ఉండలేదు. సిద్ధాంతిగారు నన్ను చూశాడు కూడాను. తన ఉత్తరీయం తీసి నా తలకి తగిలించాడు, ఉక్కపోస్తోందని.

"ఇదీ ఉత్తరం" అని నావైపు చెయ్యి చూపించి, ముగ్గుతో గీత గీసి, అటు కొలిచి ఇటు కొలిచి, ఆఖరికి మొద్దు మీద చెయ్యేసి "రాజుగారూ, ఇది ఈశాన్యం. ఈశాన్యంలో ఇంత బరువు పెట్టుకున్నారు. రొయ్యలు చావక ఏం చేస్తాయండి" అన్నాడు.

ఆ వీధి కాలవ వెంట ఏటవాలుగా పోతుంది. ఇళ్ళన్నీ మూలలకి తిరిగి ఉంటాయి. ఏది ఏ దిక్కో ఊళ్ళో ఎవరూ గట్టిగా చెప్పలేరన్నమాట నిజమే. అయినా రాజుగారికి ఒక అనుమానం వచ్చింది, వచ్చినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"మరి పొద్దున్నే ఎండ ఇటు నుంచే కదండీ తగిలేది? నేను దీన్ని ఆగ్నేయం అనుకుంటున్నాను."

"సూర్యుడు కదులుతాడండి. ఉత్తరాయణంలో ఒకచోట, దక్షిణాయనంలో ఒకచోట. యంత్రం కదలదు."

రాజుగారు సూర్యుణ్ణి వదిలేసి యంత్రాన్ని నమ్మాడు. మరి సూర్యుడు ఆయన రొయ్యల సంగతి ఏమీ చెప్పలేదు, యంత్రం చెప్పింది. తప్పు ఆయనది కాదు, మొద్దుది. అంతకంటే చల్లటి మాట ఆయన చెవికి ఇంకేముంటుంది?

అసలు సంబరపడింది పల్లాలమ్మ. ఆ మొద్దు తీసేస్తే అక్కడ ఇంకో రెండు వరసలు వేసుకోవచ్చని ఆమె ఎన్నాళ్ళుగానో అడుగుతోంది.

"దేవుడే చెప్పించాడండీ రాజుగారూ. తొందరగా తీయించెయ్యండి, వానలకి ముందే నారు పోసుకుంటాను" అంది. తన గొయ్యి మీద మొక్కలు వేసుకుంటానని అడిగిన మనిషిని నేను అప్పుడే చూశాను.

మొద్దు పీకడం అనేది పీకేవాళ్ళ తెలివిని బయటపెట్టే పని. మొదట ట్రాక్టరు తెచ్చారు. మొద్దుకి మోకు కట్టి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచాయి, మొద్దు మటుకు ఉలకలేదు పలకలేదు. తర్వాత దాని చుట్టూ ఊక పోసి నిప్పు పెట్టారు. పచ్చి మొద్దు పొగ పెట్టింది కానీ కాలలేదు. ఆ పొగ ఇల్లంతా నిండి, రాజుగారి ఇంటిల్లిపాదీ అరుగు మీద కూచుని దగ్గారు. పొక్లెయిను తెద్దామంటే సందులో పట్టదు. ఎన్ని వేషాలు వేసినా ఆఖరికి నా దగ్గరికే వచ్చారు. నేను అక్కడే, పిలుపు కోసం కాదు, శనివారం పుణ్యమా అని నిలబడి ఉన్నాను.

పెంటయ్య మొద్దు చుట్టూ గుంట తీశాడు. పక్కవేర్లు ఒక్కొక్కటే గొడ్డలితో తెగ్గొట్టాడు. ఇసకనేల కాబట్టి మట్టి సుళువుగానే వచ్చింది. కింద చూస్తే తొడంత లావు వేరు ఒకటి తిన్నగా నూతి వైపు పోయి, ఒర కిందికి దూరి, ఇటుకల్ని కౌగిలించుకుని ఉంది. ఆ ఒర సున్నం ఎప్పుడో రాలిపోయింది. ఇసకలో ఆ ఇటుకలు నిలబడి ఉన్నాయంటే ఆ వేరు పట్టుకోబట్టే. నా మొన దాని మీద పడగానే నాకు తెలిసిపోయింది. నేను చెబితే వినేదెవరు?

పెంటయ్య చెమట తుడుచుకుని "ఇది నూతి కిందికెళ్ళిందండి. ఇక్కడికి నరికేసి, ఉన్నది ఉన్నట్టు పూడ్చేద్దామాండి?" అన్నాడు. జాగ్రత్తతో అన్న మాట కాదది, ఒళ్ళు నొప్పులతో అన్నది. ఒక్కోసారి మీ బద్ధకం మీ తెలివికంటే నయం.

అరుగు మీద మజ్జిగ తాగుతున్న సిద్ధాంతిగారు "వేరు మిగిలితే దోషం మిగిలినట్టేనండి" అన్నాడు.

"మొత్తం లాగెయ్యరా" అన్నాడు రాజుగారు.

"లాగెయ్ పెంటయ్యా, మళ్ళీ చిగురేత్తే నా మొక్కలకి నీడ పడిపోద్ది" అంది పల్లాలమ్మ. ముగ్గురూ ఒకే మాట మీద నిలబడటం ఆ పెరట్లో అదే మొదలు.

పెంటయ్య కింద రాయి వేసి, నా మొన వేరు కిందికి దూర్చి, రెండో కొస మీద తన బరువంతా వేశాడు. నా పని నేను చేశాను. వేరు కిర్రుమంటూ కదిలింది. దాంతోపాటు ఒక ఇటుక, ఆ ఇటుకతోపాటు దాని మీదిది, ఆ తర్వాత ఒర మొత్తం లోపలికి కుంగిపోయింది. పెంటయ్య నన్ను వదిలేసి వెనక్కి గెంతాడు. ఇసక నీళ్ళల్లా పారింది. గట్టు, గిలక, పల్లాలమ్మ చేద, తాడు, అన్నీ వెళ్ళాయి. వాటితో నేనూ వెళ్ళాను. ఇసకలో ఏటవాలుగా, తల పైకి పెట్టి ఇరుక్కుపోయాను.

తర్వాత పల్లాలమ్మ గోతి అంచుకి వచ్చి "నా నుయ్యి" అంది. అరవలేదు, ఏడవలేదు. నుయ్యి రాజుగారిది. అయినా ఆ మాట ఎవరూ దిద్దలేదు.

సిద్ధాంతిగారు గోతి దగ్గరికి రావడానికి భయపడి, ఈసారి యంత్రం వీధి అరుగు మీద పెట్టాడు. అక్కడ సూదికి నా గొడవ లేదు కనుక అది బుద్ధిగా అసలు ఉత్తరం చూపించింది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట నేను ఇసకలోంచి విన్నాను. జన్మలో మరచిపోను.

"చూశారా రాజుగారూ, మొద్దు కదలగానే దిక్కులు సర్దుకున్నాయి. ఇప్పుడిది ఆగ్నేయం. ఆగ్నేయంలో నుయ్యి అంటే నిప్పులో నీళ్ళు పోసుకున్నట్టు. అది కూలిపోవడం మీ అదృష్టం. వెంటనే పూడ్చేయండి."

రాజుగారు ఒక లోడు చెరువు మట్టి తోలించి నా మీద పోయించాడు. ఉప్పు నాకి నాకి తెల్లబడిన మట్టి అది. పెంటయ్య నాలుగు రోజులు "నా గునపం, నా గునపం" అని తిరిగి ఇంకోటి కొనుక్కున్నాడు. నేను నేలకి బెత్తెడు కింద తల పెట్టుకుని ఉండిపోయాను.

చీకట్లో ఉన్నా వినబడుతుంది కదా. పల్లాలమ్మ కొన్నాళ్ళు కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. ఆమె అడుగులు నా మీదుగానే పోయేవి, వెళ్ళేటప్పుడు తేలిగ్గా, వచ్చేటప్పుడు బరువుగా. ఎండాకాలం కాలవ కట్టేశారు. గత్యంతరం లేక బోరు నీళ్ళు పోసింది. ఆకులు మాడాయి. ఒక పొద్దున ఒక్కో మొక్కనీ వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, పక్కన పడేస్తున్న చప్పుడు విన్నాను. మొద్దుని పీకడానికి ఊరంతా వచ్చింది. వీటిని పీకడానికి ఆమె ఒక్కతే చాలింది. ఎండినవన్నీ పొయ్యిలో పెట్టుకుంది. ఆ తర్వాత నరసాపురంలో ఎవరో కొనిచ్చిన పూలని కూలికి మాలలు కట్టేది. ఒకరిని చూసి జాలిపడటం నా పని కాదు. ఆ రోజు మాత్రం నాకు ఆ మట్టి బరువనిపించింది.

నుయ్యి పూడ్చాక రొయ్యలు బతికాయా అంటారా? ఎందుకు బతుకుతాయి? మళ్ళీ పోయాయి. మళ్ళీ సిద్ధాంతిగారు వచ్చాడు. ఈసారి గోతి భయం లేదు కాబట్టి పూడ్చిన చోటికి ధైర్యంగా వచ్చి, యంత్రాన్ని సరిగ్గా నా తల పక్కన నేల మీద పెట్టాడు. పైన సూది నావైపు తిరిగిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదిగో, ఇది ఈశాన్యం. ఈశాన్యంలో నీరుండాలండి. ఇక్కడ నుయ్యి తవ్వించండి."

"ఉన్న నుయ్యి మీరే కదండీ పూడ్చమన్నారు?"

"అప్పుడు అది ఆగ్నేయం కదండీ రాజుగారూ."

రాజుగారు పెంటయ్యకి కబురు పెట్టాడు. సిద్ధాంతిగారికి జవాబు నా దగ్గర ఉంది కానీ నా నోట్లో మట్టి.

అన్నిటికంటే నన్ను విసిగించిందేమిటంటే, పల్లాలమ్మ గొంతులో మళ్ళీ ఆశ పుట్టడం. "మంచినీళ్ళు పడితే మళ్ళీ నారు పోత్తానండి. విత్తనం దాచుకున్నాను" అంది. చీర చెంగు మూట విప్పిన చప్పుడు కూడా వినిపించింది. దెబ్బ తిన్నచోటే మళ్ళీ చెయ్యి చాపడం మీలో తెలివితక్కువ అంటారో ధైర్యం అంటారో నేను ఇంతవరకూ తేల్చుకోలేదు.

పెంటయ్య కొత్త గునపం రెండో పోటుకే నా తలకి తగిలింది. మట్టి తీసి చూసి "ఓరి నీ దుంపతెగ, నువ్వా" అన్నాడు. తలగుడ్డ విప్పి నన్ను పైనుంచి కిందికి తుడిచాడు. పండగ కాకపోయినా తుడిచాడు. కొత్తదాన్ని పక్కన పెట్టి నాతోనే తవ్వాడు. తుప్పు పట్టానే గానీ వంకర పోలేదు.

ఆ ఉప్పు చెరువుమట్టి తీశాం, పాత ఇటుకలు తీశాం, ఇసక తీశాం, కొత్త సిమెంటు ఒరలు దింపాం. ఒకరోజు మధ్యాహ్నం అడుగున నీరు ఊరింది. రాజుగారు వచ్చాడు, సిద్ధాంతిగారు కొబ్బరికాయ కొట్టాడు. మొదటి చేద పైకి రాగానే అందరికంటే ముందు పల్లాలమ్మ దోసిలి పట్టింది. నోట్లో పోసుకుంది. మింగలేదు. పక్కకి తిరిగి ఊసేసింది.

"ఉప్పండి" అంది.

రాజుగారు తనూ చవి చూశాడు. ఆయన తాత తాగిన నుయ్యి అది, ఆయన చిన్నప్పుడు తాగిన నుయ్యి. ఆయన మొహం మాడిపోయింది. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? సిద్ధాంతిగారి వైపు తిరిగి "దోషం ఇంకా ఏ దిక్కున ఉందో చూడండి" అన్నాడు.

సిద్ధాంతిగారు అరచేతిలో యంత్రం పెట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పెంటయ్య నన్ను భుజాన పెట్టుకుని, బురద లేని చోటు కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. నేను ఎటు పోతే సూది అటు తిరిగింది. తూర్పుకి పోతే తూర్పుకి, పడమటికి పోతే పడమటికి. సిద్ధాంతిగారి నుదుటి మీద విభూతి కరిగి కారింది. పల్లాలమ్మ ఆ సూదినే చూస్తోంది. నన్ను చూడలేదు. సూది ఆగిన ప్రతిసారీ తలెత్తి ఆ దిక్కుకేసి చూసింది. ఏ దిక్కున చూసినా కంచె అవతల ఉప్పునీళ్ళు నింపిన రాజుగారి రొయ్యల చెరువులే, ఎండకి తళతళమంటూ.

"ఇన్నాళ్ళకి మీ యంత్రం నిజం చెప్తా ఉందండీ" అంది సిద్ధాంతిగారితో. తర్వాత చెంగు మూట విప్పి, విత్తనాలు ఒకసారి చూసుకుని, మళ్ళీ ముడి వేసుకుని, పంచలోకి పోయి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

రాజుగారు ఆమెని ఆపలేదు. చెరువుల వైపూ చూడలేదు. చుట్టూ చూసి చూసి, ఆఖరికి నా మీద ఆయన కన్ను పడింది.

"ఆ ఇనుము అవతలికి తీసుకుపోరా ముందు" అన్నాడు.

పెంటయ్య నన్ను తీసుకుని రెండడుగులు వేసి ఆగాడు. "ఇవాళ శనివారం కదండీ" అన్నాడు.

నన్ను మళ్ళీ అక్కడే, ఆ ఉప్పునూతి పక్కన గుచ్చి ఇంటికి వెళ్ళాడు.